అరువు గొంతు

జూలై 6, శనివారం

ఆరు వారాలు నోరు తెరవొద్దన్నాడు గొంతు డాక్టరు. గుసగుసలాడినా తప్పేనట. గొంతు లోపల తీగల మీద కాయలు కాశాయట. చేతులకు కాయలు కాయడం తెలుసుగానీ గొంతుకు కాయడమేమిటి, చోద్యం కాకపోతే! "ఇరవై ఎనిమిదేళ్ళు పిల్లల మీద అరిచాక కాయక ఏం చేస్తాయమ్మా?" అని నవ్వాడు. నా కొడుకు వయసుంటుంది. నా క్లాసులో కూర్చుని ఉంటే ఆ నవ్వు అప్పుడే దించేదాన్ని.

చెప్పినట్టు వింటే తగ్గుతాయి. వినకపోతే ఆపరేషను. ఆ తర్వాత క్లాసులో పాఠం చెప్పే మాట మరిచిపోవాల్సిందే.

ఇంటికొచ్చి అదంతా కాగితం మీద రాసి చూపించాను. మా ఆయన కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివారు. "నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నీ నోరు మూతపడితే ముందు మన ఇల్లు మంచిదయ్యేట్టుందే" అన్నారు. తిరిగి ఓ మాట అనడానికి కూడా లేదు నాకు. అందుకే ఈ డైరీ. ఎవరినో ఒకరిని నాలుగు మాటలు అనకపోతే నాకు తిన్నది అరగదు.

జూలై 8, సోమవారం

హెడ్మాస్టరు నాకంటే పదేళ్ళు చిన్న. మర్యాదగానే మాట్లాడాడు. "ఏడు-సి ని ఈ ఆరు వారాలూ కొత్త టీచరుకి ఇద్దాం మేడమ్. మీరు లైబ్రరీలో హాయిగా కూర్చోండి."

హాయిగానట! డ్రాయింగు మాస్టరు అలాగే రెండు వారాలని లైబ్రరీకి వెళ్ళి అక్కణ్ణుంచే రిటైరయ్యాడు. సెలవు పెడదామంటే పోయినేడు మోకాలి ఆపరేషనుకు సెలవులన్నీ ఊడ్చేశాను. కాగితం మీద పెద్ద అక్షరాలతో రాశాను: నా క్లాసు నాదే.

చదివి కాసేపు పెన్ను మూత తీసి పెడుతూ కూర్చున్నాడు. "సరే. కానీ ఏడు-సి అల్లరి నా గదికి వినపడిందంటే మాత్రం నేనేం చెయ్యలేను. మళ్ళీ క్లాసు ఇవ్వడం నా చేతిలో ఉండదు" అన్నాడు.

ఏడు-సి అల్లరి! నా క్లాసులో అల్లరి అనే మాట విని ఎన్నేళ్ళయిందో. నేను ఉద్యోగంలో చేరిన మూడో ఏడు, ఏడు-ఎ. ఏం క్లాసది! నలభై రెండు మంది. నేను వరండా మలుపు తిరగ్గానే చీమ చిటుక్కుమంటే వినపడేది. చెక్క బెంచీలు, వానాకాలం తడిసిన చొక్కాల వాసన, నల్లబోర్డు మీద నా అక్షరాలు. కిటికీ పక్కన నిలబడి లెక్క చెబుతుంటే నా గొంతు ఎదురుగా ఉన్న గోడకు తగిలి మళ్ళీ నాకే వినపడేది. ఎంత బాగుండేదో! అప్పటి పిల్లలు వేరు.

జూలై 9, మంగళవారం

డస్టరుతో బల్ల బాదాను. వాళ్ళూ బెంచీలు బాదారు.

జూలై 11, గురువారం

ఆటల మాస్టరు దగ్గర ఈల అరువు తెచ్చాను. మొదటిసారి ఊదితే ఆగారు. రెండోసారి ఊదితే చివరి బెంచీవాడు లేచి "హాఫ్ టైమ్!" అన్నాడు. సగం క్లాసు నీళ్ళు తాగడానికి బయల్దేరింది. కోతి చేతికి కొబ్బరికాయ అంటారు, ఇక్కడ కోతులు ముప్పై ఎనిమిది.

బోర్డు మీద "నిశ్శబ్దం" అని రాస్తే అందరూ కలిసి రాగం తీస్తూ చదివారు. నాలుగుసార్లు.

ఒకప్పుడు నేను ఇంత కష్టపడలేదు. క్లాసును అదుపులో పెట్టే విద్య నాకు ఎవరూ నేర్పలేదు, నాకే పట్టుబడింది. అందరి మీదా అరిస్తే లాభం లేదు. ఒకర్ని లేపాలి, మిగతావాళ్ళందరికీ నవ్వొచ్చే మాట ఒకటి అనాలి. వాళ్ళు నవ్వుతారు, మరుక్షణం నోరు మూసుకుంటారు, ఎందుకంటే తర్వాతి వంతు ఎవరిదో తెలీదు. బెత్తం పట్టనక్కర్లేదు. ఇరవై ఎనిమిదేళ్ళలో ఒక్క పిల్లను కొట్టి ఎరగను. ఎవర్నైనా అడగండి.

నా మాటల్లో అందరికీ ఇష్టమైనది ఒకటుంది. లెక్క రాక బోర్డు దగ్గర నిలబడిపోయిన వాళ్ళను అడిగేదాన్ని: "ఏం, బుర్రకి తాళం వేసి తాళంచెవి ఇంట్లో మరిచొచ్చావా?" క్లాసు ఘొల్లుమనేది. పాత విద్యార్థులు బజార్లో కనపడినా ఆ మాట గుర్తు చేసి నవ్వుతారు.

జూలై 15, సోమవారం

ఇవాళ జరిగింది రాయకపోతే నిద్ర పట్టదు.

మూడో పీరియడు. చాక్‌పీసు ముక్కలు ఎగురుతున్నాయి. ఒకడు బెంచీ కింద దూరాడు, ఇద్దరు పుస్తకాల సంచీ కోసం పెనుగులాడుతున్నారు. హెడ్మాస్టరు గది తలుపు తీసిన చప్పుడు నాకు వినపడింది. అయిపోయింది, లైబ్రరీయే, అనుకున్నాను.

"ఎవర్రా అక్కడ? నేనింకా బతికే ఉన్నాను!"

క్లాసంతా బిగుసుకుపోయింది. నేను కూడా. ఎందుకంటే అది నా గొంతు. కంచు మోగినట్టుండే నా గొంతు, ఏడాది కిందటిది. చివర్లో సాగదీసే ఆ 'ను'తో సహా.

కిటికీ పక్క మూడో బెంచీలో చిలక నోటి మీద చెయ్యి పెట్టుకుని నిలబడి ఉంది. ఆ పిల్లకు చిలక అని పేరు పెట్టింది నేనే, వాగుడు ఎక్కువని. అందరికీ పేర్లు పెట్టేది నేనే. "పొరపాటున వచ్చేసింది మేడమ్. ఇంకెప్పుడూ చెయ్యను మేడమ్" అంటూ ఏడుపు మొదలెట్టింది.

నిజానికి కోపం రావాలి. నన్ను వెక్కిరించడమే కదా. బోర్డు దగ్గరికి వెళ్ళి రాశాను: మళ్ళీ అను.

జూలై 16, మంగళవారం

నా బల్ల పక్కన చిలకకు కుర్చీ వేశాను. నేను నోటుబుక్కులో రాస్తాను, అది నా గొంతుతో అంటుంది. అంతే. క్లాసు పలక మీద గీత గీసినట్టు కూర్చుంది.

హెడ్మాస్టరు పరిగెత్తుకొచ్చాడు. "మేడమ్! డాక్టరు మాట్లాడొద్దన్నారు కదండీ!" నేను మూతి బిగించి చిలక వైపు చూపించాను. చిలక లేచి, నేను రాసిన కాగితం చూసి, నా గొంతుతోనే "నమస్కారం సార్, మేము పాఠంలో ఉన్నాం" అంది. ఆయన మొహం చూడాలి! గుమ్మంలోనే ఆగి, తల గోక్కుని వెళ్ళిపోయాడు.

ఇంటికొచ్చి మా ఆయనకు రాసి చూపిస్తే కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వారు. "ఆ పిల్లని ఇంటికి మాత్రం తీసుకురాకు" అన్నారు.

జూలై 19, శుక్రవారం

బడి అయ్యాక చిలకను పది నిమిషాలు ఉండమన్నాను. పాఠం కోసం కాదు. ఊరికే. పాత ఏడు-ఎ కి నేను మొదటి రోజు ఏమన్నానో రాసిచ్చి చదవమన్నాను. "ఈ గదిలో రెండే శబ్దాలు ఉండాలి. ఒకటి నాది, రెండు చాక్‌పీసుది."

ఖాళీ గదిలో నా గొంతు గోడకు తగిలి నాకు వినపడింది. కళ్ళు మూసుకున్నాను. ఇరవై ఐదేళ్ళు వెనక్కి వెళ్ళినట్టుంది. ఆ ఏడు ఎర్ర అంచు చీర ఒకటి ఉండేది నాకు. అది కట్టుకుని వరండాలో నడుస్తుంటే నేనే ఈ బడికి రాణిననిపించేది.

"మళ్ళీ చెప్పనా మేడమ్?" అంది చిలక. మూడుసార్లు చెప్పించుకున్నాను. తర్వాత సిగ్గేసింది.

జూలై 25, గురువారం

భిన్నాల భాగహారం. నిదానాన్ని బోర్డు దగ్గరికి పిలిచాను. ఆ పిల్ల ఏ పని చేసినా నిదానమే, అందుకే ఆ పేరు. చాక్‌పీసు పట్టుకుని రెండో భిన్నాన్ని తిరగేసింది. ఆగింది. చాలాసేపు ఆగింది. వెనక బెంచీల్లో గుసగుసలు మొదలయ్యాయి. నేను నోటుబుక్కులో ఏమీ రాయలేదు. ఊరికే చూశాను.

చిలక లేచింది. "ఏం, బుర్రకి తాళం వేసి తాళంచెవి ఇంట్లో మరిచొచ్చావా?"

క్లాసు ఘొల్లుమంది. నాకూ నవ్వొచ్చింది, చప్పుడు లేకుండా భుజాలు ఊగాయి. నిదానం చాక్‌పీసును తీసుకెళ్ళి డబ్బాలో పెట్టింది, చేతులు దులుపుకుని బెంచీలో కూర్చుంది. ఏడవలేదు.

నేనేమీ రాయలేదు. నోటుబుక్కు నా ముందే ఉంది. ఆ పేజీ ఖాళీ.

జూలై 26, శుక్రవారం

నిదానం రాలేదు. జలుబేమో. ఈ వానలకు అందరికీ జలుబులే.

జూలై 29, సోమవారం

రాలేదు.

జూలై 30, మంగళవారం

నిదానం పక్కన కూర్చునే పిల్లను చిలకతో అడిగించాను. "ఇంక బడికి రాదట మేడమ్. వాళ్ళమ్మదే టైలరు షాపు, అక్కడే కాజాలు కుడుతోంది. వాళ్ళమ్మ కూడా సరేనందట." ఈ మాట అంటూ నా వైపు చూడలేదు.

నేనేమీ రాయలేదు.

ఆగస్టు 1, గురువారం

చిలకను స్టాఫ్ రూము బయట నిలబెట్టి రాసి చూపించాను: నేను రాయని మాట ఎందుకన్నావు?

చదివి నిజంగానే ఆశ్చర్యపోయింది. "మీరు అక్కడ అదే అంటారు కదా మేడమ్. మీరు అలా చూస్తే తర్వాత ఆ మాటే వస్తుంది. రాయాలా ఏంటి?"

పెన్ను పట్టుకుని నిలబడ్డాను. చిలక కాలి బొటనవేలితో నేలను రాస్తూ, "మేడమ్, నేనింక మీ గొంతు చెయ్యను" అంది. "ఎవరూ నాతో ఆడుకోవడం లేదు. నన్ను చూడగానే అందరూ మాట్లాడ్డం ఆపేస్తున్నారు."

ఆ మాట అన్నది దాని సొంత గొంతుతో. సన్నటి గొంతు. ఇన్ని రోజుల్లో సరిగ్గా వినలేదు నేను.

ఆగస్టు 2, శుక్రవారం

చిలక తన బెంచీకి వెళ్ళిపోయింది. రెండో పీరియడుకల్లా మళ్ళీ సంత. హెడ్మాస్టరు వచ్చి గుమ్మంలో నిలబడి, "సోమవారం మీ పీరియడులో వెనక కూర్చుంటాను మేడమ్. ఆ తర్వాత మాట్లాడుకుందాం" అన్నాడు. మాట్లాడుకోవడమేముంది, మాట్లాడేది ఆయనొక్కడే.

ఇంకా పదిహేను రోజులు. పదిహేను రోజులు ఎలాగోలా నెట్టుకొస్తే నా గొంతు నాకొస్తుంది. నా గొంతు నాకొస్తే క్లాసు నాకొస్తుంది. ఆ ఒక్కటే చూసుకోవాలి. టైలరు షాపులో కాజాలు కుట్టేవాళ్ళందరి గురించీ నేను ఆలోచిస్తూ కూర్చోలేను.

నేనేమీ రాయలేదు, నిజమే. నవ్వాను.

ఆగస్టు 3, శనివారం

వెళ్ళాను. ఇవాళ రాయలేను.

ఆగస్టు 4, ఆదివారం

గొంతులో నిప్పులు పోసినట్టుంది. మా ఆయన వేణ్ణీళ్ళు పెట్టిచ్చి, ఏమైందని అడగలేదు. ఇవాళ ఒక్క వెటకారం కూడా ఆడలేదు.

ఆగస్టు 5, సోమవారం

పొద్దున బడికి వెళ్ళేముందే డాక్టరు దగ్గరికి వెళ్ళాను. అద్దం పెట్టి చూసి, "మాట్లాడారు కదమ్మా" అన్నాడు. ఈసారి నవ్వలేదు. గొంతు తీగ మీద పొర తెగిందట. ఆపరేషను తప్పదట. మామూలుగా మాట్లాడటానికి ఢోకా లేదు, ఇంట్లో, బజార్లో. క్లాసు సంగతి అడిగితే తల అడ్డంగా ఊపాడు.

హెడ్మాస్టరుకు ఆ చీటీ చూపించాను. వెనక బెంచీలో కూర్చునే పని ఆయనకు తప్పింది. ఏడు-సి కొత్త టీచరుకి. లైబ్రరీ తాళాలు నా సంచీలో ఉన్నాయి. పుస్తకాల అలమారాలకు చెదలు పట్టాయి, అది వేరే సంగతి.

మధ్యాహ్నం వరండాలోంచి చూశాను. నిదానం వచ్చింది. తన చోట్లోనే కూర్చుంది. కొత్త టీచరు ఏదో అడుగుతోంది, క్లాసు గోలగోలగా ఉంది, పాపం. లోపలికి వెళ్ళాలనిపించింది. వెళ్ళే హక్కు లేదు. వరండాలో నిలబడి ఏడ్చాను, ఎవరైనా చూస్తే చూడనీ అని. ఇరవై ఎనిమిదేళ్ళ ఆ గది నాకిక లేదు.

ఇప్పుడు శనివారం సంగతి రాయాలి. రాయకపోతే రేపటికల్లా నాకు అనుకూలంగా మార్చేసుకుంటాను. నా సంగతి నాకు తెలుసు.

షాపు చిన్న గది. కుట్టుమిషను, కత్తిరింపుల బల్ల, గోడ కొక్కేలకు వేలాడే జాకెట్లు. నిదానం మూల పీట మీద కూర్చుని కాజాలు కుడుతోంది. నన్ను చూసి సూది ఆపింది. వాళ్ళమ్మ మాత్రం మిషను దగ్గర్నుంచి ఒక్క ఉదుటున లేచింది.

"అయ్యో మేడమ్! మీరా! రండి రండి, ఈ స్టూలు మీద కూర్చోండి. నేను మీ స్టూడెంటునే. ఏడు-ఎ. మీరు కొత్తగా వచ్చిన రోజుల్లో. గోడ పక్క బెంచీ."

తలూపాను. గుర్తు రాలేదు. నలభై రెండు మందిలో ఆ మొహం ఎక్కడా లేదు.

"మీకు గొంతు బాగాలేదని మా అమ్మాయి చెప్పింది. మాట్లాడకండి, నేనే మాట్లాడతా" అంటూ మళ్ళీ మిషను దగ్గర కూర్చుంది. "ఏమే, ఆకుపచ్చ దారం ఇలా అందుకో." నిదానం లేచి నీలం దారం ఇచ్చింది. తల ఎత్తకుండానే వాళ్ళమ్మ అంది: "ఏం, బుర్రకి తాళం వేసి తాళంచెవి ఎక్కడ పారేశావే?"

నా రాగంతోనే. చిలక కూడా అంత బాగా అనలేదు.

అని, నా వైపు తిరిగి నవ్వింది. "మీ మాటే మేడమ్! మా బ్యాచ్ అందరికీ నోటికొచ్చు. ఇంట్లో రోజుకు నాలుగుసార్లైనా వాడతాను. అసలు మొదట అన్నది నన్నే, తెలుసా? దశాంశాల లెక్క. బోర్డు దగ్గర. క్లాసంతా ఎంత నవ్వారనుకున్నారు! ఆ తర్వాత నేను బడికి రాలేదు లెండి. అదీ మంచికే అయింది, చేతికి పని వచ్చింది."

ఆమె గొంతులో కోపం లేదు. అదే నాకు భరించడం కష్టమైంది. నా ఏడు-ఎ, నా బంగారం లాంటి క్లాసు, ఆ నిశ్శబ్దం. అందులో ఒక బెంచీ ఖాళీ అయితే నేను చూసుకోలేదు. ఖాళీ బెంచీ కూడా నిశ్శబ్దంగానే ఉంటుంది కదా.

కాగితం తీశాను. పెన్ను పట్టుకున్నాను. ఏం రాయాలి? కాగితం మీద రాసిస్తే నిదానం చదువుతుంది, మడిచి పక్కన పెడుతుంది. ఆ మాట అన్నది గొంతు. కాగితం కాదు.

"తప్పు నాది" అన్నాను.

నాలుగు వారాల తర్వాత నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట. తుప్పు పట్టిన గడియ లాగినట్టు వచ్చింది. వాళ్ళమ్మ మిషను ఆపి, "వద్దు మేడమ్, వద్దు, మాట్లాడకండి" అని చెయ్యి అడ్డం పెట్టింది. నేను ఆగలేదు. నిదానం ఎదురుగా వెళ్ళి నేల మీద కూర్చున్నాను, మోకాలు మొరాయించినా. "నువ్వు భిన్నం సరిగ్గానే తిరగేశావమ్మా. అంతవరకూ అంతా కరెక్టే. ఇంకా ఆలోచిస్తున్నావు. నాకు తెలుసు. తెలిసి కూడా నవ్వాను. ఆ మాట చిలకది కాదు, నాది. నువ్వు బడికి రా. నువ్వు ఎంతసేపు ఆలోచించినా నిన్ను ఎవరూ తొందర పెట్టకూడదు."

చివరి ముక్కలు గొంతులో గాలిగానే మిగిలాయి. నిదానం తన అలవాటు ప్రకారం చాలాసేపు తీసుకుని, "వస్తాను" అంది.

లేవబోతుంటే మిషను వెనకనుంచి వాళ్ళమ్మ అడిగింది. ఆ నవ్వు లేదు మొహంలో. పన్నెండేళ్ళ పిల్ల అడిగినట్టు అడిగింది.

"మేడమ్, మరి నాది? నాది కూడా అంతవరకూ కరెక్టేనా?"

తల ఊపితే సరిపోయేది. ఎవరికీ నష్టం లేదు. కానీ ఆ లెక్కా గుర్తు లేదు, ఆ పిల్లా గుర్తు లేదు. తల అడ్డంగా ఊపి, నాకు గుర్తు లేదమ్మా అని కాగితం మీద రాశాను. ఏ లెక్క అది, అని కింద రాశాను.

ఆమె చదువుకుని, లేచి, బల్ల మీద ఉన్న గుడ్డ పక్కకు నెట్టింది. గుడ్డల మీద గీతలు గీసే సుద్దముక్క తీసి బల్ల చెక్క మీదే వేసింది. 3.6 ని 0.25 తో గుణించాలి. ఒక్క క్షణం ఆలోచించలేదు, ఇరవై ఐదేళ్ళుగా ఆ అంకెలు ఎదురుగా ఉన్నట్టే వేసింది. దశాంశాలు వదిలేసి ముప్పై ఆరును ఇరవై ఐదుతో గుణించి 900 రాసి ఆగింది.

"ఇక్కడిదాకా చేశాను మేడమ్. చుక్క ఎక్కడ పెట్టాలా అని స్థానాలు లెక్కపెట్టుకుంటున్నా. అప్పుడు మీరు అన్నారు."

మూడు అంకెలూ సరిగ్గానే ఉన్నాయి. ఎక్కడా ఒక్క తప్పు లేదు. ఆమె వైపు చూసి అవునన్నట్టు తలూపాను. నోరు తెరిచి చెబుదామనుకున్నాను, చప్పుడు రాలేదు.

ఆమె నా కళ్ళలోకి చూసి, మళ్ళీ బల్ల మీదికి వంగింది. పెదవులు కదుపుతూ వేలితో ఒకటి, రెండు, మూడు అని స్థానాలు లెక్కపెట్టుకుంది. నిదానం వచ్చి పక్కన నిలబడింది. నేను తొందర పెట్టలేదు. ఎంతసేపైందో తెలీదు, తొమ్మిదికి ముందు చుక్క పెట్టింది.